టీవీ స్కిట్ల నుంచి సినిమా కామెడీకి: పంచ్ మీద కన్నా రియాక్షన్ మీద ఎక్కువ పని చేయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కొన్నేళ్లుగా పరిషత్తు నాటికల్లో హాస్య పాత్రలు వేస్తున్నారు. ఒక టీవీ కామెడీ షో వాళ్లు ఏడాది అగ్రిమెంట్ ఇస్తామన్నారు. సంతకం పెడితే సినిమాలకు దారి దొరుకుతుందా, టీవీ ముద్ర పడి అక్కడే ఆగిపోతారా, ఈ వృత్తిలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు ఏం చేశారు అని.

సంతకం పెట్టండి, కానీ కొన్ని క్లాజులు మార్పించుకున్నాకే. వాటి సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు విషయం చూద్దాం. టీవీ షో మీకు పంచ్ వేయడం బాగా నేర్పుతుంది. ఎదుటివాడి మాట వినడం మాత్రం పెద్దగా నేర్పదు. సినిమాలో కామెడీ ఆర్టిస్టుకు అన్నం పెట్టేది ఆ వినడమే.

ఫోన్లలో రోజూ తిరిగే బ్రహ్మానందం గారి మీమ్స్ గమనించండి. చాలావాటిలో ఆయన నోరు కదలదు. ఎవరో ఏదో అన్నారు, ఆయన విన్నారు, అంతే. 1987లో వచ్చిన ‘అహ నా పెళ్ళంట’లో అరగుండు పాత్రనే తీసుకోండి. మాట్లాడేది, పిసినారి లెక్కలు చెప్పేది కోట శ్రీనివాసరావు గారు. వాటిని భరించే ముఖం బ్రహ్మానందం గారిది. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన మనిషికి ఆ పాత్రతో వచ్చిన పేరు డైలాగుల సంఖ్యను బట్టి వచ్చింది కాదు.

టీవీలోనూ ఇదే. ‘అమృతం’ సీరియల్ జెమినీలో 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా ఆదివారాలు వచ్చింది, 300కు పైగా ఎపిసోడ్లు. అందులో అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. ఆంజనేయులు మాత్రం మొదటి నుంచి చివరి దాకా గుండు హనుమంతరావు గారే. టైటిల్ పాత్రలో మనిషి మారినా సీరియల్ ఆగలేదు. ఎందుకంటే ఆ పాత్ర ఎంత తిక్క ఆలోచన చేసినా, దాన్ని విని, నమ్మి, భయపడి, చివరికి వెంట నడిచే మనిషి అదే మనిషి. ప్రేక్షకుడు సీన్‌లోకి అడుగుపెట్టేది అంజి ముఖం మీదుగా. కొత్తవాళ్లు ఈ సీరియల్ చూసేటప్పుడు మాట్లాడేవాణ్ని వదిలేసి, పక్కన నిలబడ్డ అంజిని మాత్రమే చూడాలి. సౌండ్ తీసేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక పనిలోకి వద్దాం. ఒక చిన్న సీన్ అనుకుందాం. హీరో బ్యాంకులో అప్పు తీసుకుంటున్నాడు. మీరు అతని స్నేహితుడు, ష్యూరిటీ సంతకం పెట్టడానికి వచ్చారు. సంతకం అయిపోయింది, పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. క్లర్క్ కాగితాలు సర్దుకుంటూ “అప్పు తీసుకున్నవాడు పారిపోతే మొత్తం మీరే కట్టాలండి” అన్నాడు. మీ డైలాగు: “పెన్ను మీదేనా సార్? బాగా రాస్తోంది.”

కాగితం మీద మీ పంచ్ ఆ పెన్ను మాట. కానీ నవ్వు పుట్టాల్సింది దానికి ముందు. అక్కడ మూడు మెట్లున్నాయి. మొదటిది వినడం: ‘పారిపోతే’ అన్న మాట దగ్గర పెన్నుకు క్యాప్ పెడుతున్న చెయ్యి ఆగిపోతుంది, ముఖంలో ఇంకా ఏమీ మారదు. రెండోది అర్థం కావడం: కళ్లు మాత్రం సంతకం మీదకు వెళ్తాయి. మూడోది నిర్ణయం: హీరో వైపు ఒక చూపు, అక్కణ్నుంచి క్లర్క్ వైపు. ఆ తర్వాతే మాట. ఒక్కో మెట్టుకు అర సెకను నుంచి సెకను చాలు.

స్టేజీ నుంచి వచ్చినవాళ్లు చేసే పొరపాటు ఈ మూడింటినీ ఒకేసారి చేయడం. ఉలిక్కిపడి, కళ్లు పెద్దవి చేసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంటారు. నాటకంలో అది అవసరం, ఎందుకంటే చివరి వరసలో కూర్చున్నవాడికి కనుగుడ్డు కదలిక కనిపించదు. కెమెరా ముందు అదంతా ఒకే ముద్దగా పడుతుంది, ఎడిటర్‌కు కోయడానికి ఏమీ మిగలదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అర సెకను అంటే 12. నాలుగైదు ఫ్రేములు అటో ఇటో జరిపితే నవ్వు రావడం, పోవడం తేలిపోయే చోట మీరు మూడు మెట్లు విడివిడిగా ఇస్తే ఎడిటర్ చేతిలో మూడు కట్ పాయింట్లు (షాట్ మార్చగలిగే చోట్లు) ఉంటాయి. లేకపోతే ఆయన మీ ముఖం వదిలేసి హీరో ముఖం మీద సీన్ ముగిస్తాడు. ఎడిటింగ్‌లో తన షాట్లు ఎగిరిపోయాయని బాధపడే చాలామంది విషయంలో జరిగేది ఇదే.

డైలాగు అయిపోయాక కూడా పని ఉంటుంది. మాట ముగిశాక కనీసం రెండు సెకన్లు పాత్రలోనే ఉండండి. చివరి అక్షరం పలకగానే ముఖం వదిలేయడం, ‘బాగా వచ్చిందా’ అన్నట్టు డైరెక్టర్ వైపు చూడటం కొత్తవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు. అప్పుడు ఎడిటర్ షాట్‌ను ముందుగానే కోయాలి. థియేటర్లో హాలంతా నవ్వితే అది తగ్గడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ జాగా లేకపోతే తర్వాతి డైలాగు నవ్వులో కొట్టుకుపోతుంది. అందుకే పెద్ద నవ్వు వస్తుందనుకున్న చోట వెంటనే కథకు సంబంధించిన మాట రాకుండా అనుభవమున్న రైటర్లు జాగ్రత్త పడతారు. సీన్ పేపర్ చదివేటప్పుడు మీరూ అది గమనించి, అవసరమైతే అక్కడ ఒక లుక్ పెడదామని కో-డైరెక్టర్‌తో మెల్లగా అనండి. షాట్ రెడీ అయ్యాక, హీరో గారి ముందు మాత్రం వద్దు.

టీవీ స్కిట్ వేరే రకం యంత్రం. మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటాయి, పదీ పన్నెండు నిమిషాల స్కిట్ దాదాపు ఒకే ఊపులో నడుస్తుంది, ఎదురుగా జడ్జిలు, ప్రేక్షకులు నవ్వుతుంటారు. అక్కడ నవ్వు పైకి లేచి, సగానికి పైగా తగ్గాక తర్వాతి మాట ఎత్తుకోవాలి. పూర్తిగా ఆగేదాకా ఉంటే ఊపు చచ్చిపోతుంది, ముందే ఎత్తుకుంటే వినబడదు. ఈ లెక్క మీకు నాటికల వల్ల ఇప్పటికే వచ్చి ఉంటుంది. ఇబ్బంది సినిమా సెట్‌కు వెళ్లినప్పుడే. అక్కడ ఎవరూ నవ్వరు, నవ్వితే టేక్ పోతుంది. యాభై మంది మౌనంగా చూస్తుంటే స్టేజీ ఆర్టిస్టు కంగారుపడి గొంతు పెంచుతాడు, ముఖం పెంచుతాడు, లేని నవ్వు కోసం ఆగుతాడు. దీనికి విరుగుడు ఒక్కటే, ఎదుటి ఆర్టిస్టు కళ్లలోకి చూడటం. అతను అన్నదానికి మీరు నిజంగా సమాధానం చెప్తుంటే ఎంతసేపు ఆగాలో అదే తెలుస్తుంది.

మన సెట్లలో ప్రాంప్టింగ్ అలవాటు దీనికి పెద్ద అడ్డంకి. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి ఒక్కో ముక్క అందిస్తుంటాడు. సీనియర్లు దాన్ని ఎంత సాఫీగా అందుకున్నా మీరు దాని మీద బతకొద్దు. ‘పెన్ను మీదేనా’ అన్నది మీ చెవిలో పడేదాకా మీరు వింటున్నది అసిస్టెంట్‌ని, క్లర్క్‌ని కాదు. కళ్లు తెలియకుండానే అటు జరుగుతాయి, ఆ జరగడం క్లోజప్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు వెబ్ సిరీస్‌లలో, కొన్ని సినిమాల్లో సింక్ సౌండ్ (సెట్‌లో పలికిన గొంతునే రికార్డు చేయడం) వాడుతున్నారు, అక్కడ ప్రాంప్టింగ్ అసలు కుదరదు. సీన్ పేపర్ ఆ రోజు పొద్దున్నే చేతికొచ్చినా, మేకప్ కుర్చీలో కూర్చున్న అరగంటలో నోటికి వచ్చేయాలి. మీ డైలాగుల కన్నా ముందు ఎదుటివాళ్లవి బట్టీ పట్టండి. మీ మాటకు తాడు వాళ్ల మాటలోనే ఉంటుంది.

సొంతంగా కలపడం గురించి. తెలుగు కామెడీలో సెట్‌లో పుట్టిన మాటలకు విలువ ఎక్కువే, దర్శకులు కూడా అడుగుతారు. అయితే సీన్‌ను ముందు మాస్టర్ షాట్‌లో, అంటే అందరూ కనపడేలా మొత్తంగా తీస్తారు, తర్వాత మిడ్ (నడుము పై భాగం), సజెషన్ (ఒకరి భుజం మీదుగా ఎదుటివారు), క్లోజ్ (ముఖం దగ్గరగా) అని విడగొడతారు. మాస్టర్‌లో మీరు ఏ మాట దగ్గర క్యాప్ ఆపారో, ఏ చేత్తో కాగితం జరిపారో, క్లోజ్‌లో అదే మాట దగ్గర అదే జరగాలి. కొత్త ఆలోచన ఉంటే రిహార్సల్‌లో చూపించండి, మాస్టర్‌లో ఖాయం చేసుకోండి. క్లోజ్‌లో మెరుపులాంటి ఆలోచన వచ్చి చేశారనుకోండి, అది ఎంత బాగున్నా కంటిన్యుటీ కుదరక, అంటే ముందు షాట్‌తో కలవక ఎడిటింగ్ టేబుల్ మీద పోతుంది. పైగా ఎదుటి ఆర్టిస్టు రియాక్షన్ అప్పటికే తీసేసి ఉంటే మీ కొత్త మాటకు అవతల జవాబే ఉండదు.

డబ్బింగ్‌ను తేలిగ్గా తీసుకోకండి. సెట్‌లో సగం వచ్చిన పంచ్‌ను డబ్బింగ్‌లో నిలబెట్టినవాళ్లున్నారు, బాగా వచ్చినదాన్ని అక్కడ చంపుకున్నవాళ్లూ ఉన్నారు. ముఖ్యమైన కారణం కూర్చుని చెప్పడం. సీన్‌లో నిలబడి ఉంటే డబ్బింగ్‌లోనూ నిలబడండి, పరిగెడుతుంటే నాలుగు గుంజీలు తీసి ఆ ఆయాసంతో చెప్పండి. లిప్ (పెదాల కదలిక) కలపడం మీద దృష్టంతా పెడితే ప్రాణం పోతుంది. ముందు పైలట్ ట్రాక్ (షూటింగ్‌లో రికార్డయిన మీ గొంతు) రెండు మూడు సార్లు విని, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పట్టుకోండి. ఊపిరి కలిస్తే లిప్ దానంతట అదే దగ్గరకొస్తుంది. వీపు తిరిగి ఉన్నప్పుడు, లిప్ కనబడని వైడ్‌లో ఒకటి రెండు మాటలు కలిపే వీలుంటుంది, అడిగి కలపండి. మూలుగులు, దగ్గులు, మింగిన గుటక కూడా ఇవ్వండి. బ్యాంకు సీన్‌లో సంతకం వైపు చూసినప్పుడు ఆ గుటక ఒక్కటి చాలు.

మేనరిజం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, కెరీర్ తిరిగే మలుపు అదే కాబట్టి. టీవీ షోలో మీకు ఒక ఊతపదమో, నడకో, లేడీ గెటప్పో అంటుకుంటుంది. అది లేకపోతే జనం గుర్తుపట్టరు. అది మాత్రమే ఉంటే రెండేళ్లలో విసుగెత్తుతారు. ఎం.ఎస్. నారాయణ గారు భీమవరంలో తెలుగు లెక్చరర్‌గా చేసి, 1997లో ‘మా నాన్నకు పెళ్లి’తో తాగుబోతు పాత్రకు చిరునామా అయ్యారు. ఆ తర్వాత ఆయనకు అలాంటివే వరుసగా వచ్చాయి. అయినా అరగలేదు. కారణం ఆయన మత్తును నటించడం తక్కువ, మత్తులో ఉన్నవాడు తెలివిగా కనపడటానికి పడే అవస్థను నటించడం ఎక్కువ. ఆ పద్ధతి ఏ పాత్రకైనా పనికొస్తుంది. 2011లో ‘దూకుడు’లో హీరో కావాలని కలలుగనే బొక్కా వెంకట్రావుగా ఆయన అంత నవ్వించింది ఆ పట్టుదల వల్లే. ఊతపదం వస్తే రానివ్వండి, కానీ దాని వెనుక పాత్రకు ఏం కావాలో తెలిసి ఉండాలి.

హీరోగా ఛాన్స్ వస్తే? అలీ గారు 1994లో ‘యమలీల’లో హీరోగా చేసి కూడా కామెడీ పాత్రలు వదల్లేదు, దాంతో ఆ కుర్చీ ఖాళీ కాలేదు. సునీల్ గారు 2006లో ‘అందాల రాముడు’, 2010లో ‘మర్యాద రామన్న’ తర్వాత కొన్నేళ్లు హీరో వేషాల మీదే నిలబడ్డారు. ఆ లోపు ఆయన వేయాల్సిన స్నేహితుడి పాత్రలు వెన్నెల కిశోర్ లాంటి వాళ్లకు వెళ్లాయి. 2018 నుంచి తిరిగి సహాయ పాత్రలకు, 2021లో ‘పుష్ప’లో మంగళం శ్రీను లాంటి విలనీకి వచ్చి మళ్లీ నిలదొక్కుకున్నారు. అంత నైపుణ్యం ఉన్న మనిషికి కాబట్టి సాధ్యమైంది. నా అభిప్రాయంలో మొదటి పదేళ్లు కామెడీ ఆర్టిస్టు ఒక్క సినిమా కోసం ఆరు నెలల తేదీలు కట్టేసుకోకూడదు.

మార్కెట్ కూడా మారింది. ఒకప్పుడు కథతో పెద్దగా సంబంధం లేని కామెడీ ట్రాక్ విడిగా రాసేవాళ్లు, విడిగా నాలుగైదు రోజుల్లో తీసేవాళ్లు. తర్వాత సెకండాఫ్ అంతా ఒక కమెడియన్‌ను బకరా చేసే పద్ధతి కొన్నాళ్లు రాజ్యమేలింది. ఇప్పుడు కామెడీ కథలోనే కలిసిపోయింది, హీరోనే చాలావరకు చేస్తున్నాడు. అంటే కామెడీ ఆర్టిస్టు హీరో స్నేహితుడిగా కథంతా ఉండాలి, ఏడిపించే సీన్‌లోనూ నిలబడాలి. 2016లో ‘పెళ్ళి చూపులు’లో నవ్వించిన ప్రియదర్శి 2019లో ‘మల్లేశం’, 2023లో ‘బలగం’ చేయగలిగారంటే ఆ సంసిద్ధత ఉండబట్టే. ‘బలగం’ దర్శకుడు వేణు యెల్దండి 2013లో మొదలైన ‘జబర్దస్త్’లో టీమ్ లీడర్‌గా చేసినవారు. టీవీ ముద్ర అడ్డమవుతుందన్న మీ భయానికి ఇంతకన్నా మంచి సమాధానం ఉండదు. స్కిట్లు రాసుకోవడం మానకండి, ఆ సాధన రచన వైపూ దర్శకత్వం వైపూ తీసుకెళ్తుంది.

వయసు గురించి దిగులు వద్దు. కొండవలస లక్ష్మణరావు గారు విశాఖ పోర్టులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసి, 2002లో ‘ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’తో గుర్తింపు పొందేసరికి 50 దాటారు. ఆడవాళ్లకు మాత్రం పరిస్థితి అన్యాయంగానే ఉంది. రమాప్రభ, శ్రీలక్ష్మి, కోవై సరళ గార్ల స్థాయి పాత్రలు ఇప్పుడు రాసేవాళ్లు బాగా తగ్గారు. స్కిట్లలో ఆడవేషాలు మగవాళ్లే వేయడం కూడా దానికొక కారణమని నా గట్టి నమ్మకం.

ఒంటి సంగతి. పడటాలు, చెంపదెబ్బలు రోజూ ఉంటాయి. ఏ దెబ్బకైనా ముందు కెమెరా ఎటు ఉందో చూసుకోండి. కెమెరాకు వీపు చేసినవాడి చెయ్యి ముఖానికి జానెడు దూరంలో వెళ్లినా తగిలినట్టే కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వేస్తారు. పడేటప్పుడు అరచేతులు ముందు ఆనిస్తే మణికట్టు పోతుంది. తుంటి పక్క కండ మీదకు ఒరగండి, ప్యాంటు లోపల మోకాలి ప్యాడ్లు వేసుకోండి. మీసాలకు, విగ్గు అంచుకు వాడే స్పిరిట్ గమ్‌ను లాగి పీకొద్దు, రిమూవర్ అద్ది రెండు నిమిషాలు ఆగితే అదే ఊడొస్తుంది. వారానికి మూడు నాలుగు సార్లు లాగితే చర్మం పుండవుతుంది, దాని మీద మళ్లీ గమ్ వేయలేరు, ఆ వారం గెటప్ పోతుంది.

వేషాల కోసం సినిమా ఆఫీసులకు పంపే వీడియో నిమిషంన్నర దాటనివ్వకండి. మొదట పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, యాసలు. తర్వాత ఎడమ, కుడి ప్రొఫైల్. ఆపైన రెండు ముక్కలు: ఒకటి డైలాగుతో, రెండోది మీరు ఒక్క మాటా మాట్లాడకుండా ఎవరో చెప్పేది ఇరవై సెకన్లు వింటున్నది. ఈ రెండోది దాదాపు ఎవరూ పంపరు, అందుకే చూసేవాళ్లు అక్కడ ఆగుతారు. వేరే నటుల ప్రసిద్ధ డైలాగులు చేయొద్దు, చూసేవాడికి అసలు నటుడే గుర్తొస్తాడు. ఫోన్ అడ్డంగా పెట్టి, కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా, సంగీతం లేకుండా తీస్తే చాలు. యాస పెడితే మీకు నిజంగా వచ్చినదే పెట్టండి. నాలుగు మాటల చివర సాగదీసి శ్రీకాకుళమో తెలంగాణో అంటే ఆ ప్రాంతంవాళ్లు రెండో మాటకే పట్టేస్తారు.

ఇక అగ్రిమెంట్. మొదట చూడాల్సింది ఎక్స్‌క్లూజివ్ క్లాజు. వేరే ఛానల్లో కామెడీ షో చేయకూడదంటే ఒప్పుకోవచ్చు. సినిమా, వెబ్ సిరీస్ కూడా అనుమతి తీసుకునే చేయాలని ఉంటే కొట్టేయించండి, లేదా ‘రికార్డింగ్ తేదీలకు అడ్డు రానంతవరకు చేసుకోవచ్చు’ అని రాయించండి. గడువు ముగిశాక ఇన్ని నెలలు ఇంకెక్కడా చేయకూడదన్న షరతు ఉంటే అది ఎన్ని నెలలో అంకెల్లో ఉండాలి. ఛానల్ తన ఇష్ట ప్రకారం ఏడాది పొడిగించుకోవచ్చని ఉంటే, పొడిగింపులో పారితోషికం ఎంత పెరుగుతుందో అక్కడే ఉండాలి. మీరు సృష్టించిన పాత్ర పేరు, గెటప్ మీద హక్కు ఎవరిదన్నది ఇంకొకటి. అది వాళ్లదైతే రేపు స్టేజీ ప్రోగ్రామ్‌లో ఆ వేషం వేయడానికి మీరే అనుమతి అడగాలి. యూట్యూబ్ క్లిప్పులకు విడిగా డబ్బు ఇస్తారని ఆశ పెట్టుకోకండి, కాబట్టి ఎపిసోడ్ రేటులోనే అది కూడా కలుపుకుని మాట్లాడండి.

చెల్లింపు ఎపిసోడ్ లెక్కనా, రోజు లెక్కనా అన్నది స్పష్టంగా అడగండి. ఒకే రోజు రెండు ఎపిసోడ్లు తీస్తే ఈ తేడా సగానికి సగం. స్కిట్ తీసి ప్రసారం చేయకపోయినా డబ్బు ఇవ్వాలని రాయించండి. వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, ఆ కోత మీ పాన్ మీద జమైందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. అప్పుడు మాట్లాడుకునే రేటు ‘జీఎస్టీ అదనం’ అని చెప్పకపోతే 18 శాతం మీ జేబులోంచే పోతుంది.

తేదీలు ఒకే డైరీలో, మీ చేతిరాతతో ఉంచండి. సినిమాలో కమెడియన్ తేదీలు హీరో కాంబినేషన్‌ను (హీరోతో కలిసి ఉన్న సీన్లను) బట్టి మారుతుంటాయి, టీవీ రికార్డింగ్ తేదీలు మారవు. అందుకే షో వాళ్ల దగ్గర కనీసం రెండు నెలల రికార్డింగ్ తేదీలు ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి. సినిమా మేనేజర్ ఫోన్ చేసినప్పుడు ‘చూసి చెప్తాను’ అనకుండా ఏ రోజులు ఖాళీయో అక్కడికక్కడే చెప్పగలగాలి. ఖాళీ లేని రోజును సర్దుకుంటాలే అని ఇచ్చేసి, ముందు రోజు రాత్రి రాలేనంటే ఆ మేనేజర్ మళ్లీ ఫోన్ చేయడు, పక్క ఆఫీసుకు కూడా చెప్తాడు.